క్షిప్రసువనము – కాబోయే తల్లి కలత

మన పత్రికలో క్షేత్రమాహాత్మ్యములు, వ్రతవిధానములు, స్తోత్రార్థములు వ్రాయుట పరిపాటి. ఈ మాసం నేను ఎన్నుకొన్న విషయం కొందరికి వింతగా తోచవచ్చును. కాని గడచిన రెండు మూడేండ్లుగా, సాయంకాలం ఆలయ మండపంలో కూర్చున్న నన్ను వెదకుకొంటూ వచ్చి భక్తులు అడిగే ప్రశ్నలలో, వివాహముహూర్తాల తరువాత ఎక్కువగా వినవచ్చేది ఇదే. “మా అమ్మాయికి నెలలు నిండినవి. నొప్పులు వాటంతట అవి రాలేదు. ఫలానా రోజున ఆసుపత్రిలో చేరితే మందులిచ్చి నొప్పులు రప్పిస్తామని డాక్టరమ్మ అంటున్నది. చేరవచ్చునా పంతులుగారూ? దైవం నిర్ణయించిన వేళను మనం మార్చినట్లు కాదా?” అడిగేది తల్లిదండ్రులో అత్తమామలో అయి ఉంటారు. ఆ పిల్ల మాత్రం రెండడుగుల వెనుక, స్తంభానికి ఆనుకొని, నడుము మీద చేయి వేసుకొని నిలుచుండి ఒక్క మాటా అనదు. ఆమె చింత వేరు. నొప్పి ఎంత ఉంటుందో, బిడ్డకు ఏమవుతుందో, తల్లి కావడానికి తాను తగుదునో లేదో అన్నది ఆమె భయం. ఈ వ్యాసం ముఖ్యంగా ఆమె కొరకు.

నేను వైద్యుడను కాను. జీవితమంతా వ్యాకరణము, ధర్మశాస్త్రము చెప్పుకొన్నవాడను. ఇందులో శాస్త్రవిషయం నేను చదివినది. ఆసుపత్రి విషయం మన ఆలయ వైద్యశిబిరానికి వచ్చే స్త్రీవైద్యురాలిని కూర్చోబెట్టి అడిగి తెలుసుకొన్నది. ఎవరి శరీరస్థితి ఎట్టిదో వారి వైద్యులే చెప్పగలరు.

మాట దగ్గర మొదలుపెడతాను. వ్యాకరణం చదివినవానికి అది మానని అలవాటు. పాణినీయ ధాతుపాఠంలో ‘షూ’ అనే రూపం గల ధాతువులు ఒకటికి మించి ఉన్నవి. అదాదిగణంలోని షూఙ్ ధాతువునకు గర్భవిమోచనం అర్థం. దివాదిగణంలోని దానికి ప్రసవం అర్థం. తుదాదిగణంలోని షూ ధాతువునకు మాత్రం ప్రేరణము అర్థం. జీవులనన్నిటిని పనులకు పురికొల్పే సూర్యునికి సవిత అనే నామం ఈ ధాతువు నుండియే చెప్పుదురు. యజుర్మంత్రాలలో సవితృదేవుని పేరుతో కలిసి వచ్చే ప్రసవ శబ్దానికి కానుపు అని కాక, ప్రేరణ, అనుజ్ఞ అనియే అర్థం. అనగా మన భాషలో కనడమూ పురికొల్పడమూ ఒకే శబ్దపు నీడలో పెరిగినవి. నేడు పత్రికలలో ‘ప్రేరిత ప్రసవం’ అని వ్రాస్తున్నారు. ఆ రెండు పదాలూ పరస్పరం పరాయివి కావని చెప్పుటకే ఇంత దూరం వచ్చితిని.

ఇక దైవనిర్ణయాన్ని మార్చడం అనే శంక. తెలుగునాట కృష్ణయజుర్వేదులలో అధికులు ఆపస్తంబ సూత్రానుయాయులు. ఆ గృహ్యసూత్రంలో సీమంతము, పుంసవనము విధించిన పదునాలుగవ ఖండంలోనే, వాని వెంటనే, ‘క్షిప్రసువనము’ అనే ఒక కర్మ కలదు. క్షిప్రమనగా త్వరగా, సువనమనగా కనడం. నీరు తగలని క్రొత్త మూకుడుతో, ప్రవాహం సాగే దిక్కుగానే నీటిని ముంచి తేవలెను. తూర్యంతి అనే ఓషధిని ఆమె పాదాల చెంత ఉంచవలెను. భర్త ఆమె శిరస్సును స్పృశించి, మంత్రపూర్వకంగా ఆ నీటిని చల్లవలెను. మావి పడకపోతే ఏమి చేయవలెనో కూడ ఆ సూత్రకారుడే తరువాత చెప్పినాడు. శుక్లయజుర్వేదులకు పారస్కరుడు ఇటువంటిదే విధించినాడు. ఋగ్వేదం అయిదవ మండలంలో, గాలి తామరకొలనును కదిపినట్లు పదినెలల గర్భం కదలి సుఖంగా వెలికి రావలెనని కోరే మంత్రాలు ఉన్నవి.

దీనిని బట్టి తేలేదేమి? కానుపు ఆలస్యమైనప్పుడు, ‘వచ్చినప్పుడే వస్తుంది’ అని చేతులు ముడుచుకొని కూర్చొనుమని మన ఋషులు చెప్పలేదు. త్వరపెట్టుటకు తమకు తెలిసిన ఉపాయాన్ని సంస్కారాల నడుమనే ఉంచినారు. నేడు ఆసుపత్రులలో నొప్పులకు సెలైనులో కలిపి ఎక్కించే మందు పేరు ఆక్సిటోసిన్. అది మన శరీరం తానుగా పుట్టించుకొనే ద్రవ్యమే. 1953లో అమెరికా దేశపు రసాయన శాస్త్రవేత్త విన్సెంట్ డు విగ్నో దానిని ప్రయోగశాలలో తయారుచేసినాడు. 1955లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చినది. ఆ పేరు గ్రీకు భాషది. దానికి అర్థమేమని విచారిస్తే, శీఘ్రప్రసవము అని తెలిసినది! క్షిప్రసువనమునకు ఇంతకంటె సరియైన అనువాదం నేను కూడ చేయలేను.

ఎప్పుడు త్వరపెట్టవలెను అన్నది అసలు ప్రశ్న. చరకసంహిత శారీరస్థానంలో ప్రసవకాలం తొమ్మిదవ మాసం మొదలుకొని పదవ మాసం వరకు అని చెప్పబడినది. అది దాటి గర్భం కడుపులో ఉండుట వికారమని ఆచార్యుని నిర్ణయం. సుశ్రుతుడు పన్నెండవ మాసం వరకు గడువు ఇచ్చినాడు కాని, గడువు అనేది ఒకటి ఉన్నదన్న మాటలో ఇద్దరూ ఒకటే. నేటి లెక్క వారాలలో ఉంటుంది. కడపటి బహిష్టు మొదటి దినం నుండి 40 వారాలకు ‘డ్యూ డేటు’ వేస్తారు. సరిగ్గా ఆ తేదీనాడే కనేవారు బహు కొద్దిమంది. కనుక ఆ తేదీ దాటిన మరునాడే ఇంటిల్లిపాదీ కంగారుపడనక్కరలేదు. 41 వారాలు నిండినా నొప్పులు రాకపోతే మాత్రం మందులతో రప్పించవలసినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసినది. కాలం మీరినకొలది మావి శక్తి తగ్గుతుంది, లోపలి బిడ్డకు ప్రమాదం పెరుగుతుంది. రక్తపోటు పెరిగినవారికి, గర్భంతో మధుమేహం వచ్చినవారికి, ఉమ్మనీరు తగ్గినవారికి, బిడ్డ ఎదుగుదల మందగించినవారికి, నొప్పులు రాకుండానే ఉమ్మనీరు పోయినవారికి ఇంకను ముందుగానే అవసరం కావచ్చును. “నాకు ఏ కారణం చేత?” అని డాక్టరమ్మను అడుగుట గర్భిణి హక్కు. కారణం తెలిసిన భయం, తెలియని భయంలో సగం కూడ ఉండదు.

అడిగే హక్కు అంటే ఒక మాట గుర్తుకు వచ్చినది. సుశ్రుతుడు మూఢగర్భ చికిత్స చెప్పేటప్పుడు, అది శస్త్రకర్మలన్నిటిలోను కష్టతరమని హెచ్చరించి, అధిపతి అనుమతి అడిగిన పిమ్మటనే పూనుకొనవలెనన్నాడు. ఆనాటి అధిపతి రాజో ఇంటి యజమానియో కానిండు. నేడు ఆ స్థానం ఆ పిల్లదే. ఆసుపత్రి కాగితం మీద భర్త, అత్తగారు సంతకాలు పెట్టి, లోపలికి పోయేవరకు ఆమెకు విషయమే చెప్పని ఇండ్లు ఉన్నవి. ఇది నాకు బొత్తిగా నచ్చని సంగతి. శరీరం ఆమెది, శ్రమ ఆమెది. అనుమతి ఆమెదే కావలెను.

ఆసుపత్రిలో జరిగేదేమి? మొదట గర్భాశయముఖం మెత్తబడినదో లేదో చూస్తారు. మెత్తబడకపోతే లోపల జెల్ పెట్టవచ్చును, మాత్ర ఇవ్వవచ్చును, లేదా నీరు నింపిన చిన్న బుడగ గల గొట్టాన్ని ఉంచవచ్చును. పూర్వం శస్త్రచికిత్సతో కన్నవారికి ఈ మాత్రలు కొన్ని పనికిరావు కనుక ఆ సంగతి ముందే చెప్పవలెను. ముఖం కొంత తెరుచుకొన్న తరువాత ఉమ్మనీటి సంచిని తెరవడం, సెలైనులో ఆక్సిటోసిన్ కలిపి చుక్కలు చుక్కలుగా, కొద్దికొద్దిగా పెంచుతూ ఎక్కించడం. ఆ సమయమంతా బిడ్డ గుండెచప్పుడు చూస్తూ ఉంటారు. తొలిచూలు వారికి ఈ వరుస అంతా ఒక పగలు ఒక రాత్రి పట్టవచ్చును. రెండు దినాలు పట్టినా వింత కాదు. మందుతో వచ్చే నొప్పులు వాటంతట వచ్చేవాటికంటె వెంటవెంటనే, బలంగా ఉన్నట్లు చాలమంది చెబుతారు. నొప్పి తగ్గించే ఉపాయాలు ఏమున్నవని ముందే అడిగి ఉంచుకొనవలెను. అడిగితే పిరికితనమని ఎవరైనా అంటే వినవద్దు.

మా మనుమరాలి కానుపు హైదరాబాదులో ఇట్లే జరిగినది. గర్భంతో మధుమేహం వచ్చినందున 39వ వారంలో చేరమన్నారు. సాయంకాలం చేరినది. రాత్రంతా ఆ బుడగ, మరునాడు పగలంతా సెలైను. రెండవ రాత్రి మూడవ జాములో ఆడపిల్ల పుట్టినది. తరువాత ఆమెను అడిగినాను, “అమ్మా, అన్నిటికంటె దేనికి కష్టపడితివి?” అని. నొప్పులని చెబుతుందనుకొన్నాను. “తాతగారూ, నొప్పి వచ్చి పోతున్నది. కాని గంటగంటకూ ఫోన్లు చేసి ‘ఇంకా కాలేదా’ అని అడిగినవారితోనే వేగలేకపోయినాను” అన్నది. బంధుజనులు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదువవలెను. ఆమెకు ఉపకరించినది మూడు: తరువాత ఏమి జరుగునో ముందే తెలిసి ఉండడం, నొప్పి వచ్చినప్పుడు ఊపిరిని నెమ్మదిగా విడవడం, నొప్పికీ నొప్పికీ నడుమ మా ఇంటావిడ చేయి పట్టుకొని నామం చెప్పడం. నామం నొప్పిని పోగొట్టిందని ఆమె అనలేదు, నేనూ అనను. ఎడం దొరికినప్పుడు మనస్సు పట్టుకొనుటకు ఒక కొస దొరికినదని అన్నది.

‘నొప్పులు రప్పిస్తే చివరకు ఆపరేషనే’ అనే మాట మన ఊళ్లలో బాగా నాటుకొన్నది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో నూటికి 60కి పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 42కి పైగా కానుపులు శస్త్రచికిత్సతోనే జరిగినట్లు తేలినది కనుక ఈ భయానికి ఆధారం లేదనలేము. కాని ఆ నింద అంతా ఈ మందులపై వేయుట న్యాయం కాదు. 2018లో అమెరికాలో ఆరువేలకు పైగా ఆరోగ్యవంతులైన తొలిచూలు స్త్రీలను పరిశీలించినప్పుడు, 39వ వారంలో నొప్పులు రప్పించినవారిలో సుమారు 19 శాతానికి, వేచి ఉన్నవారిలో 22 శాతానికి శస్త్రచికిత్స అవసరమైనదట. ఆ దేశపు లెక్క ఈ దేశానికి యథాతథంగా సరిపోవలెనని లేదు. కొందరికి నొప్పులు రప్పించినా కానుపు సాగదు, అప్పుడు శస్త్రచికిత్స తప్పదు. అది ఆమె ఓటమి కాదు.

ఇక ముహూర్తం సంగతి. ఇందులో నేను కొంత కఠినుడనని పేరు. ‘ఫలానా నక్షత్రంలో, ఫలానా లగ్నంలో బిడ్డ పుట్టేటట్లు సమయం పెట్టండి’ అని వచ్చేవారికి నేను పెట్టను. పైన చెప్పినట్లు, మందు మొదలుపెట్టే గంట మన చేతిలోనిది. బిడ్డ పుట్టే గంట కాదు. ఏ లగ్నానికని గురి చూస్తాము? జాతకశాస్త్రం పుట్టిన వేళను చూచి ఫలం చెప్పుటకు ఏర్పడినది. మూలా, ఆశ్లేషా, జ్యేష్ఠా వంటి నక్షత్రాలలో జన్మిస్తే శాంతి చేయుమన్నారు. అట్టి జననం కలుగుతుందనియు, దానికి పరిహారం తరువాత చేసుకొనవచ్చుననియు శాస్త్రమే ఒప్పుకొన్నది కదా! శాంతిని పదిరోజుల తరువాతనైనా చేసుకొనవచ్చు. లోపల శ్రమపడుతున్న బిడ్డ పది గంటలు ఆగలేదు. ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా, విపరీతమైన తలనొప్పితో కండ్లు మసకబారినా, అది అమావాస్య కానిండు, రాహుకాలం కానిండు, 108కి ఫోన్ చేసి బయలుదేరవలెను. వర్జ్యం పోయేదాకా ఆగుదామనే పెద్దలు ఇంట్లో ఉంటే ఈ పుటను వారికి చూపండి.

చరకసంహితలో మరొక ముచ్చట నాకు మిక్కిలి ఇష్టమైనది. నొప్పులు వచ్చినా కానుపు సాగనప్పుడు, ఆమెను లేపి రోకలితో ధాన్యం దంచమనాలని కొందరి మతం. భగవానుడైన ఆత్రేయుడు దానిని కాదన్నాడు. గర్భిణికి తీవ్రమైన శ్రమ ఎప్పుడూ తగదు, అందునా ఆ సమయంలో సుకుమారమైన ఆమె ప్రాణానికే అపాయమని చెప్పి, మెల్లగా నడవడం, ఆవులించడం చాలునన్నాడు. నడుముకు, వీపునకు గోరువెచ్చని నూనె రాయమన్నాడు. నొప్పి లేనప్పుడు ముక్కవద్దని, నొప్పితో పాటే ముక్కవలెనని ఆమెకు చెప్పుమన్నాడు. నేటి ఆసుపత్రులలో చెప్పేదీ ఇంచుమించు ఇదే. పూర్వులది అంతా కఠినం అనుకొనేవారు ఈ అధ్యాయం చదువవలెను.

ఆ అధ్యాయంలోనే ప్రసవగృహంలో ఎవరుండవలెనో చెప్పినారు: పలుమార్లు కన్నవారు, స్నేహం గలవారు, దుఃఖపడని స్వభావం గలవారు, శ్రమకు ఓర్చేవారు. భయపెట్టే కథలు చెప్పేవారికి ఆ జాబితాలో చోటు లేదు. 2016లో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణి పక్కన ఒక తోడును అనుమతించినప్పుడు, ఆ తోడు కానుపు అనుభవం గల స్త్రీ కావలెనన్నది. చరకుని మాటయే చుట్టు తిరిగి వచ్చినది. తిరుచిరాపల్లి కొండమీది స్వామిని మన యాత్రికులు ఎందరో దర్శించి ఉంటారు. అక్కడి శివునికి మాతృభూతేశ్వరుడని పేరు. తమిళులు తాయుమానవర్ అంటారు. రత్నావతి అనే వైశ్యకాంతకు నెలలు నిండగా, తల్లి ఆవలి ఒడ్డున కావేరి వరదకు చిక్కుకొన్నది. స్వామి ఆ తల్లి రూపం దాల్చి వచ్చి, కానుపు చేసి, వరద తీసి అసలు తల్లి వచ్చేవరకు బాలింతకు సేవ చేసినాడట. ఆయన వరదను ఆపలేదు, నొప్పిని మాయం చేయలేదు. పక్కన కూర్చున్నాడు.

ఇప్పుడు స్తంభం వెనుక నిలుచున్న పిల్ల అడగని ప్రశ్న. ‘నాకు భయంగా ఉన్నది, ఒక క్షణం సంతోషం, మరుక్షణం ఏడుపు, నేను మంచి తల్లిని కాలేనేమో.’ అమ్మా, ఎనిమిదవ మాసంలో ఓజస్సు తల్లి నుండి బిడ్డకు, బిడ్డ నుండి తల్లికి సంచరిస్తూ ఉంటుందని, అందుచేత గర్భిణి మాటిమాటికి సంతోషిస్తూ మాటిమాటికి వాడిపోతూ ఉంటుందని చరకుడే వ్రాసినాడు. నీ మనస్సు తీరు రెండువేల ఏండ్ల నాటి గ్రంథంలో ఎక్కినది. అది నీ ఒక్కదాని లోపమెట్లగును?

బిడ్డను చూడగానే ప్రేమ పొంగిపొరలవలెనని చలనచిత్రాలు నేర్పినవి. భాగవతం దశమస్కంధం తీసి చూడుము. యశోద కన్నది, కాని అలసట చేత నిద్రలో మునిగి, పుట్టినది మగబిడ్డయో ఆడబిడ్డయో కూడ ఎరుగదని వ్యాసుడు చెప్పినాడు. ఆ యశోదను మించిన తల్లి ఎవరు? పైగా ఆమె పెంచిన బిడ్డ ఆమె కన్నవాడే కాడు. నొప్పులు రప్పించుకొని కంటే కన్నట్లా, కోసి తీస్తే కన్నట్లా అని ఎత్తిపొడిచే అమ్మలక్కలకు ఇదే నా సమాధానం. పాలు పడుటకు రెండు మూడు రోజులు పట్టినా, బిడ్డ ఏడుపు అర్థం కాకపోయినా బెంగ వద్దు. అవి చేస్తూ చేస్తూ అలవడేవి.

కానుపైన మూడవ నాలుగవ రోజున ఊరకే ఏడుపు రావడం చాలమందికి కలదు. రెండు వారాలలో తగ్గుతుంది. తగ్గకుండా దిగులు ముదిరినా, బిడ్డను చూడబుద్ధి కాకపోయినా, చావాలనిపించినా, దానిని దృష్టి అనో గాలి అనో తాయెత్తులతో సరిపెట్టవద్దు. అది వ్యాధి, దానికి చికిత్స ఉన్నది. ఆసుపత్రికి తీసుకొనిపొండి. 14416కు ఉచితంగా ఫోన్ చేస్తే టెలీ మానస్ వారు తెలుగులోనే మాట్లాడతారు. తాయెత్తు కట్టదలచినవారు కట్టండి, నాకు అభ్యంతరం లేదు. కాని డాక్టరును చూచిన తరువాత.

తంజావూరు సమీపాన తిరుకరుగావూరు గర్భరక్షాంబిక సన్నిధి నుండి ఆముదం ప్రసాదం తెచ్చుకొన్నవారు కొందరు నన్ను దాని సంగతి అడిగినారు. అది పొట్టపై రాసుకొనుటకు ఇచ్చినది. నొప్పులు వచ్చునని త్రాగరాదు. తొమ్మిదవ నెలలో మన ఆలయపు మెట్లు ఎక్కి వచ్చి మ్రొక్కు తీర్చవలెనన్న నియమం కూడ ఎక్కడా లేదు. ఇంటిలో ముడుపు కట్టి ఉంచితే చాలును. బిడ్డకు అన్నప్రాశన వేళ వచ్చినప్పుడు ముగ్గురూ కలిసి రావచ్చును. ఉయ్యాల మండపంలో ఆ వేడుక జరుపుకొనదలచినవారు కార్యాలయంలో ఒక రోజు ముందుగా చెబితే పాయసం, వెండిగిన్నె ఆలయం వారే సిద్ధం చేస్తారు.